పిండిలో గుంపు, ట్యాంకులో ఒక్కటే

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ వంటిళ్లలో ఒక టెన్షన్ మొదలవుతుంది. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగదు. గిన్నెకు దుప్పటి చుట్టేవాళ్లు కొందరు, ఓవెన్‌లో లైటు వేసి లోపల పెట్టేవాళ్లు కొందరు. ఎవరేం చేసినా బ్యాక్టీరియాకు చలి వేయకుండా చూడటానికే.

పిండిని పొంగించడంలో ముఖ్యమైనది ల్యూకనాస్టాక్ అనే బ్యాక్టీరియా. దాన్ని మనం విడిగా వేయక్కర్లేదు, మినప్పప్పుతోనే వస్తుంది. పిండిలోని చక్కెరలు తిని లాక్టిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మినప్పిండి జిగురు ఆ గ్యాస్‌ను బుడగలుగా పట్టి ఉంచుతుంది. అందుకే పప్పు తగ్గించి పొదుపు చేద్దామనుకుంటే ఇడ్లీ రాయిలా వస్తుంది. పెరుగు సంగతీ ఇంచుమించు ఇంతే. గోరువెచ్చటి పాలలో తోడు వేస్తే అందులోని బ్యాక్టీరియా చేసే ఆమ్లానికి పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది. ఈత కల్లయితే మరీ తొందర, చెట్టు మీద లొట్టిలో ఉండగానే పులవడం మొదలవుతుంది.

మన గిన్నెలేవీ స్టెరిలైజ్ చేసినవి కావు. అయినా పిండి పులుస్తుందే గానీ సాధారణంగా కుళ్లదు. ఆర్టీసీ బస్సులో రుమాలు వేసి సీటు పట్టుకున్నట్టు మనకు పనికొచ్చే గుంపు ముందే చోటు ఆక్రమిస్తుంది. ఆ పులుపు తట్టుకోలేని క్రిములు వెనక్కి తగ్గుతాయి.

టీకా ఫ్యాక్టరీలో గుంపులు పనికిరావు. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి తెచ్చింది. జన్యు ఇంజనీరింగ్‌తో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. అప్పటిదాకా దిక్కయిన దిగుమతి టీకా ధర సామాన్యులకు అందేది కాదు. పనంతా చేసింది పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. దీనికి మిథనాల్ అనే ఆల్కహాల్‌ను కూడా తిని బతకగల శక్తి ఉంది. మిథనాల్ తగలగానే దాన్ని అరిగించే ఎంజైము కోసం ఒక జన్యు స్విచ్చు ఆన్ అవుతుంది. వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును సరిగ్గా ఆ స్విచ్చుకే తగిలిస్తారు. ముందు గ్లిసరాల్ పెట్టి ఈస్టును బాగా పెంచి, తర్వాత మిథనాల్ అందిస్తే వైరస్ ప్రొటీన్ కుప్పలుగా తయారవుతుంది. దాన్ని శుద్ధి చేస్తే టీకా. లోపల వైరసే లేదు కాబట్టి జబ్బు అంటుకునే ప్రశ్నే లేదు. కోవిడ్ రోజుల్లో బయొలాజికల్-ఇ కంపెనీ తయారుచేసిన కోర్బెవాక్స్ టీకాకూ ఈ పికియాయే ఆధారం. అయితే ఈస్టును పెంచే ట్యాంకులో పరాయి బ్యాక్టీరియా చేరిందా, బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. ఈ విషయంలో మన పిండి గిన్నెకే మార్కులు ఎక్కువ వేస్తాను.

సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి తొక్కేసుకునే గుణమే మనకు మందులూ ఇచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న కాలంలో, అక్కడే పనిచేసే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి ఆరియోమైసిన్‌ను పట్టుకున్నాడు. 1948లో లోకానికి తెలిసిన ఈ మందే టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్‌లలో మొదటిది.

ఇలాంటి మందుకు మన తోడు ఒకటి, రోగ క్రిమి ఒకటి అన్న తేడా తెలియదు. గేదెకు పొదుగు వాపు వస్తే యాంటీబయాటిక్ వేస్తారు. ఆ మందు పాలలో మిగిలి ఉంటే ఎంత మంచి తోడు వేసినా పెరుగు సరిగ్గా తోడుకోదు. అందుకే మందు మీద రాసిన గడువు దాటేదాకా ఆ పాలు పాల సేకరణ కేంద్రంలో పోయకూడదు.