హాలోవీన్ వేషం: గడ్డి దుస్తుల నుంచి న్యూయార్క్ ఊరేగింపు దాకా

ఏటా అక్టోబరు 31 సాయంత్రం అమెరికాలో పిల్లలు మంత్రగత్తెలుగా, అస్థిపంజరాలుగా, సాలీడు వీరులుగా వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు పోగుచేసుకుంటారు. అక్కడ స్థిరపడిన తెలుగువారి పిల్లలూ ఈ సాయంత్రం కోసం ఎదురుచూస్తారు. దుకాణాల్లో బారులు తీరిన దుస్తులను చూసి, ఇది వ్యాపారులు పుట్టించిన పండుగేనని కొట్టిపారేసేవారున్నారు. అది అన్యాయం. ఈ కథలోకి దుకాణం చాలా ఆలస్యంగా వచ్చింది.

పండుగ మూలాలు ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో ఉన్నాయి. కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ అక్కడివారు సావిన్ అనే పండుగ జరుపుకొనేవారు. ఆ రాత్రి చనిపోయినవారి ఆత్మలు తిరుగుతాయని నమ్మేవారు. 9వ శతాబ్దంలో చర్చి నవంబరు 1ని సకల పునీతుల పండుగగా స్థిరపరిచింది; దాని ముందు రాత్రే హాలోవీన్. దయ్యాలను ఏమార్చడానికే ప్రాచీనులు వేషాలు కట్టారని చాలామంది చెబుతారు. కానీ ఆ రాత్రి వేషధారణకు రాతపూర్వక ఆధారాలు 16వ శతాబ్దం నుంచే కనిపిస్తాయి.

స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ఈ ఆచారం మరీ ముచ్చటగా ఉండేది. ఎండుగడ్డితో అల్లిన లంగా, పైవస్త్రం, పొడవాటి టోపీ ధరించి, ముఖానికి గుడ్డ కప్పుకుని కుర్రవాళ్లు ఇళ్లలోకి వచ్చేవారు. గొంతు గుర్తుపట్టకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడేవారు. వచ్చినదెవరో పోల్చుకోవడం ఇంటివారి పని. రోజూ చూసే పొరుగింటి అబ్బాయే ఆ కాసేపు అపరిచితుడైపోతాడు. వేషంలోని అసలు ఆనందం నాకు అక్కడే కనిపిస్తుంది. స్కాట్లండ్‌లో ఇంటింటికీ తిరిగే పిల్లలు ఊరికే చేయి చాపేవారు కాదు. మన పగటివేషగాళ్లలా ఏదో ఒక విద్య చూపాలి. పాటో పద్యమో వినిపించాకే ఆపిల్ పండ్లు, గింజలు చేతిలో పడేవి.

1840లలో బంగాళాదుంప పంట కుళ్లి కరవు కమ్మేయడంతో లక్షలాది ఐరిష్ ప్రజలు అమెరికా చేరారు. వారితో పాటు ఈ అలవాట్లూ వెళ్లాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో మసాచుసెట్స్‌లోని డెనిసన్ కంపెనీ, ముడతల కాగితంతో ఇంట్లోనే వేషాలు కుట్టుకునే పద్ధతులు చూపుతూ పుస్తకాలు అచ్చువేసింది. 1930ల ఆర్థికమాంద్యంలో ఆ రాత్రి కుర్రకారు అల్లరి శ్రుతి మించింది. వారిని దారిలో పెట్టడానికి చాలా పట్టణాలు ఊరేగింపులు, విందులు ఏర్పాటు చేశాయి.

1937లో న్యూయార్క్‌లో మొదలైన బెన్ కూపర్ కంపెనీ సిద్ధంగా కుట్టిన వేషాన్ని సామాన్యుల ఇళ్లకు చేర్చింది. పలుచని అట్టపెట్టె, దాని మూతకున్న పారదర్శక కాగితం వెనుక నుంచి తొంగిచూసే ప్లాస్టిక్ ముఖం, చెవుల వెనక్కి లాగే సన్నని సాగే దారం. ఛాతీ మీద ఆ పాత్ర బొమ్మ, పేరు కూడా అచ్చువేసి ఉండేవి. దయ్యాలకు పోటీగా సినిమా, టీవీ, బొమ్మల కథల వీరులు వచ్చి చేరారు. నాసిరకమే అయినా, కుట్టే తీరిక లేని తల్లుల పిల్లలకూ అది కోరుకున్న రూపం ఇచ్చింది. దాన్ని చిన్నచూపు చూడలేను.

పెద్దల్లో కొందరికి ఈ రాత్రి ఇంకా విలువైనది. మగవారు ఆడవారి దుస్తుల్లో, ఆడవారు మగవారి దుస్తుల్లో బయట తిరగడం శాన్‌ఫ్రాన్సిస్కోలో 1863 నుంచి నేరంగా ఉండేది. హాలోవీన్ నాడు మాత్రం పోలీసులు చూసీచూడనట్టు ఊరుకునేవారు. అర్ధరాత్రి దాటిందంటే అరెస్టులే. ఇతరులను మోసగించే ఉద్దేశం లేదని చూపడానికి, ‘నేను అబ్బాయిని’ అని రాసిన చీటీలను గాయకుడు హోసే సర్రియా ఆడవేషం కట్టే తోటివారికి పంచాడు. ఆ నిబంధన 1974లో రద్దయింది.

ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ముసుగులు, తోలుబొమ్మలు తయారుచేసే రాల్ఫ్ లీ తన పిల్లలతో, స్నేహితులతో కలిసి వీధుల్లో చిన్న ఊరేగింపు తీశాడు. ఇప్పుడది వేలమంది నడిచే ఉత్సవం. అందులో కలిసి నడవాలంటే వేషం కట్టి వస్తే చాలు.