ఇళ్ల పక్క బీడుకు ఏ ట్రాక్టర్ మోవర్? అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు బాగా పడతాయి. సంక్రాంతి నాటికి ఇళ్ల వెనక దొడ్లు, బళ్ల ఆవరణలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల చుట్టూ ఉన్న బీళ్లు నడుమెత్తు గడ్డితో, వయ్యారిభామతో, సర్కారు తుమ్మ పిలకలతో నిండిపోతాయి. పాముల భయానికి గడ్డి కోసే మిషన్ (మోవర్) తగిలించిన ట్రాక్టర్‌ను బాడుగకు పిలుస్తారు. పిలిచేటప్పుడు అందరూ అడిగేది ‘ఎంత లావు కంప కోస్తుంది’ అని. గోడలు, కిటికీలు, మనుషులు ఉన్నచోట ముందు అడగాల్సింది ‘రాయి తగిలితే ఎటు పోతుంది’ అని.

అపోహ: స్లాషరైనా ఫ్లెయిలైనా కోసేది గడ్డే, ఏది దొరికితే అది చాలు.

స్లాషర్‌లో డెక్కు (పైనున్న రేకు కప్పు) కింద రెండు బరువైన బ్లేడ్లు నేలకు సమాంతరంగా తిరుగుతాయి. పీటీఓ (మిషన్లను తిప్పే ట్రాక్టర్ వెనక ఇరుసు) నిమిషానికి 540 చుట్లు తిరిగితే గేర్‌బాక్స్ ఆ వేగాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. 5 అడుగుల స్లాషర్‌లో బ్లేడు కొస సెకనుకు 80 మీటర్ల దాకా పోతుంది. గంటకు లెక్కేస్తే 290 కిలోమీటర్లకు దగ్గర. చీమకుర్తి వైపు గ్రానైట్ ముక్క, మార్కాపురం వైపు పలకరాయి పెచ్చు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కాంక్రీటు పెళ్ల, ఏది తగిలినా మనిషి కాళ్ల మట్టంలో, నేలకు సమాంతరంగా దూసుకుపోతుంది. స్లాషర్ల మాన్యువల్స్ చాలావాటిలో చుట్టూ 90 మీటర్ల లోపల మనుషులు ఉండకూడదని రాసి ఉండేది ఇందుకే. ఊరి మధ్య 90 మీటర్ల ఖాళీ ఎక్కడిది?

ఫ్లెయిల్ మోవర్ తీరు వేరు. అడ్డంగా ఒక రోటర్, దానికి వేలాడుతూ పదుల సంఖ్యలో చిన్న బ్లేడ్లు. కొస వేగం స్లాషర్‌లో సగానికి కాస్త అటూ ఇటూ. రాయి తగిలిన బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది, దెబ్బలో బరువు తక్కువ. రోటర్ నిలువు చక్రంలా తిరుగుతుంది కాబట్టి లేచిన రాయి చాలావరకు పైనున్న రేకు హుడ్‌కో, నేలకో కొట్టుకుని ఆగుతుంది. ముందు రబ్బరు పట్టీలు, వెనక రోలరు మిగతాదాన్ని ఆపుతాయి. రాళ్లు అసలు ఎగరవని కాదు, అందుకే దీనికీ మాన్యువల్‌లో చెప్పిన దూరం పాటించాలి. అయినా ఇళ్ల పక్కన రెండింట్లో ఒకటి ఎంచుకోవాలంటే ఫ్లెయిలే. స్లాషర్‌ను ఊరికి దూరంగా ఉన్న బీళ్లకు ఉంచుకోండి.

కొనేవాళ్లు బ్లేడు రకం కూడా చూసుకోవాలి. మెత్తటి గడ్డికి వై ఆకారం బ్లేడ్లు బాగుంటాయి. రాళ్లు, కంప పిలకలు ఉన్న నేలకు సుత్తి బ్లేడ్లు మన్నుతాయి. పత్తికట్టె, మొక్కజొన్న దంట్లు నలిపే మల్చర్లు, ష్రెడర్లు చాలావరకు ఫ్లెయిల్ కుటుంబానివే. కాకపోతే వెనక తలుపు ఎత్తి నడిపితే హుడ్ ఉన్న ప్రయోజనమంతా పోతుంది. అద్దెకొచ్చే మిషన్లలో ఆ తలుపు ఊడిపోయి కనిపించడం మామూలే.

అపోహ: స్లాషర్‌కు గొలుసులు వేలాడుతున్నాయి, ఇంక రాయి రాదు.

గొలుసులు తగ్గిస్తాయి, ఆపవు. అదీ వరస నిండుగా ఉండి, నేలకు దాదాపు తాకుతుంటేనే. నాలుగు గొలుసులు తెగిన చోట ఏర్పడిన సందే రాయికి దారి. ముందు, వెనక రెండువైపులా ఉన్నాయేమో చూడండి. చాలా మిషన్లకు వెనక మాత్రమే ఉంటాయి. గతుకు నేల మీద ట్రాక్టర్ ఊగినప్పుడు డెక్కు ఒక పక్క లేస్తుంది, ఆ క్షణాన గొలుసులు గాల్లో ఉంటాయి.

అపోహ: క్లచ్ తొక్కితే ట్రాక్టర్ ఆగుతుంది.

గోడల పక్కన స్లాషర్ నడిపేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. సింగిల్ క్లచ్ ట్రాక్టర్‌లో చక్రాలకూ పీటీఓకూ క్లచ్ ఒకటే. క్లచ్ తొక్కినప్పుడు ఇంజన్ విడిపోతుంది గానీ తిరుగుతున్న బ్లేడ్ల ఊపు పీటీఓ షాఫ్ట్ మీదుగా ట్రాక్టర్ గేర్‌బాక్స్‌లోకి తిరిగొచ్చి చక్రాలను ముందుకు తోస్తుంది. డ్రైవరు క్లచ్ నొక్కిపట్టి ఉన్నా ట్రాక్టర్ ఇంకొన్ని అడుగులు పోతుంది. పొలంలో అయితే గట్టు దగ్గర ఆగుతుంది, ఇంటి దగ్గర ప్రహరీయే గట్టు. దీనికి మందు ఓవర్ రన్నింగ్ కప్లర్. పీటీఓ షాఫ్ట్‌కూ, అక్కణ్నుంచి మిషన్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కూ మధ్య బిగించే చిన్న భాగం అది. ఇంజన్ నుంచి మిషన్‌కు శక్తిని పోనిస్తుంది, మిషన్ నుంచి వెనక్కి రానివ్వదు. దీన్ని పెడితే షాఫ్ట్ పొడవు పెరుగుతుంది. మిషన్‌ను హైడ్రాలిక్‌తో పైకెత్తి, దించి, షాఫ్ట్ గొట్టాలు ఎక్కడా ఒకదాన్నొకటి ఢీకొనడం లేదని చూసుకున్నాకే నడపాలి. డ్యూయల్ క్లచ్ ట్రాక్టర్ అయితే ఈ బాధ తక్కువ, కానీ పెడల్‌ను సగమే తొక్కడం డ్రైవరుకు అలవాటై ఉండకూడదు, సగం తొక్కితే చక్రాలకు శక్తి ఆగుతుంది గానీ ఇంజన్ బ్లేడ్లను తిప్పుతూనే ఉంటుంది.

అపోహ: కోత వెడల్పు ఎంత ఎక్కువైతే అంత మంచిది.

స్లాషర్‌కు అడుగు వెడల్పుకు పీటీఓ దగ్గర సుమారు 5 హెచ్‌పీ కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఫ్లెయిల్‌కు ఇంకొంచెం ఎక్కువ. పీటీఓ దగ్గర దొరికేది ఇంజన్ హెచ్‌పీ కంటే తక్కువేనన్నది మర్చిపోవద్దు. ఇళ్ల మధ్య తిరగడానికి అసలు ఇబ్బంది వెడల్పు కాదు, స్థానం. 45 హెచ్‌పీ తరగతి ట్రాక్టర్ వెనక చక్రాల బయటి వెడల్పు 6 అడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దానికి నడిమధ్యన 5 అడుగుల మోవర్ తగిలిస్తే అంచు గడ్డి కోయడానికి చక్రం గోడకు రాసుకోవాల్సి వస్తుంది. పక్కకు జరిపే వీలున్న ఫ్లెయిల్ తీసుకోండి. అప్పటికీ గోడ పక్క చివరి మీటరు ట్రాక్టర్‌కు వదలొద్దు. నైలాన్ దారంతో కోసే చేతి మిషన్ (బ్రష్ కట్టర్)తోనో కొడవలితోనో కోయించండి. బ్రష్ కట్టర్ నడిచేటప్పుడూ 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు.

అపోహ: రోటవేటర్ ఉందిగా, వేరే మిషన్ దేనికి?

అది దుక్కి పనిముట్టు. పొడుగు గడ్డి రోటర్‌కు చుట్టుకుని బిగుసుకుంటుంది. అన్నిటికంటే పెద్ద నష్టం నల్లరేగడిలో. పునాది పక్క నేలను గుల్ల చేస్తే వాననీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి, రేగడి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, గోడ పగులుతుంది.

అపోహ: షేర్ బోల్ట్ మాటిమాటికీ తెగుతోంది, గట్టి బోల్ట్ వేస్తే సరి.

తెగడమే దాని పని. మొద్దు తగిలినప్పుడు గేర్‌బాక్స్ బదులు పదుల రూపాయల బోల్ట్ పోవాలి. గట్టి బోల్ట్ వేస్తే విరిగేది ప్రొపెల్లర్ షాఫ్ట్ కావచ్చు, డ్రైవరు వీపు వెనక. మాన్యువల్‌లో చెప్పిన సైజు, గ్రేడు బోల్ట్‌లు అరడజను టూల్‌బాక్స్‌లో ఉంచుకోండి. షేర్ బోల్ట్ బదులు, బరువు పడితే జారే స్లిప్ క్లచ్ ఉన్న మిషన్ అయితే సీజన్ మొదట్లో ఒకసారి ప్లేట్లు జారుతున్నాయో తుప్పుతో అతుక్కుపోయాయో చూడాలి. పగిలిన బ్లేడుకు వెల్డింగ్ వద్దు. వేడికి ఉక్కు పదును మారి అతుకు పక్కన పెళుసవుతుంది. బ్లేడ్లు జతగానే మార్చాలి, బరువులో తేడా వస్తే అదురు మొదలై బోల్ట్‌లు వదులవుతాయి.

షాఫ్ట్ ప్లాస్టిక్ తొడుగు లేని మిషన్‌ను గేటు లోపలికి రానివ్వకండి. 540 చుట్లంటే సెకనుకు 9 చుట్లు. పంచె కొసో తువ్వాలో చిక్కితే లాక్కోవడానికి సమయం ఉండదు.

అపోహ: ఇది మన స్థలమే, ఏముందో మనకు తెలుసు.

గడ్డి ఎత్తు మోకాలు దాటాక ఎవరికీ తెలియదు. కర్రతో 2 మీటర్ల వరసలుగా నడిచి చూడాలి. వెతకాల్సినవి: పునాదిలోంచి పొడుచుకొచ్చిన కడ్డీ ముక్కలు, బైండింగ్ వైరు, హద్దురాళ్లు, పాత బోరు కేసింగ్, కరెంటు స్తంభం స్టే వైరు, డ్రిప్ పైపులు, సీసాలు. వైరు ముక్క రాయి కంటే మోసకారి, గొలుసుల సందులోంచి సులభంగా జారిపోతుంది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో ఇంటివాళ్లను అడిగి నాలుగు మూలలా కర్రలు పాతండి. మిషన్‌తో కలిపి 2 టన్నులు దాటే ట్రాక్టర్‌కు ఆ పైకప్పు బండలు ఆగవు.

మొదటి కోత 6 అంగుళాల ఎత్తున. దిగి మళ్లీ నడిచి, బయటపడ్డవి ఏరి, రెండో కోత 4 అంగుళాలకు. గతుకు నేలలో అంతకంటే దించితే బ్లేడు మట్టినే కోస్తుంది.

అపోహ: నేల మట్టానికి కోస్తే సర్కారు తుమ్మ పోతుంది.

పోదు, గుబురుగా తిరిగొస్తుంది. దాని మొగ్గలు మొదలు దగ్గర నేల కింద ఉంటాయి. బాగా లోతుగా, జానెడుకు పైగా కిందకి తవ్వి వేరుమొదలు నరికితేనే చస్తుంది. మణికట్టు లావు దాటినవాటిని జేసీబీతో పెకలించాకే మోవర్ దించాలి. ఏటవాలుగా కోసి వదిలిన మోళ్లు ట్రాక్టర్ టైరును చీల్చేస్తాయి.

అపోహ: బాగా ఎండాక కోస్తే పని తేలిక.

బ్లేడు రాయిని కొట్టిన నిప్పురవ్వకు ఎండుగడ్డి సిద్ధంగా ఉంటుంది, పక్కనే గడ్డివామో బ్యారన్ కట్టెల కుప్పో ఉంటుంది. రేగడి నేల చక్రం దిగబడనంత ఆరగానే, గడ్డి ఇంకా పచ్చిగా ఉండగానే, డిసెంబరు చివర నుంచి జనవరి ముగిసేలోపు కోయించండి. ఆలస్యమైతే పొద్దున మంచు తడి మీద కోయాలి. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు నాలుగు, తడి గోనెసంచులు చేతికందేలా ఉంచాలి. సైలెన్సర్ మీద పేరుకున్న గడ్డి పొట్టును మధ్యమధ్యలో దులపాలి, ఇంజన్ ఆపాకే.