ఊరు మారినా పరిచయాలు తెగకుండా

ఆన్‌లైన్ బృందాలు ఒక వేదికను విడిచి మరో వేదికకు తరలిపోవడం కొత్త సంగతి కాదు. మనుషులు చేరిన చోటికి వాళ్ల మాటలూ పరిచయాలూ చేరకపోవడమే మొదటి నుంచీ ఉన్న బాధ. 2004లో మొదలైన గూగుల్ వారి సామాజిక వేదిక ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో ఆగిపోయాయి. సభ్యులు ఏళ్ల తరబడి రాసుకున్నదంతా సంస్థల సర్వర్లలోనే ఉండటం వల్ల, తాళం పడేనాటికి ఎవరికి వారు దించుకున్న ఫైళ్లు మిగిలాయి గానీ బృందం మిగల్లేదు.

ఇంటర్నెట్ మొదట్లో ఇలా ఉండేది కాదు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ రూపకల్పన చేసిన చర్చా వ్యవస్థ యూజ్‌నెట్‌కు ఒక యజమాని అంటూ లేడు. ఒక కంప్యూటర్‌లో రాసిన సందేశం మరో దానికి, అక్కడి నుంచి ఇంకో దానికి నకలుగా చేరేది. ఈమెయిల్ నేటికీ ఏ సంస్థ ఖాతా నుంచైనా ఏ సంస్థ ఖాతాకైనా వెళుతుంది. సామాజిక మాధ్యమాలు వదిలేసిన ఈ వెసులుబాటును తిరిగి తేవడానికి 2010లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు డయాస్పోరా అనే సామాజిక వేదికను తలపెట్టారు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే ప్రోగ్రామర్, ఎవరికి వారు సర్వర్ నడుపుకోగల సామాజిక వేదిక మాస్టొడాన్‌ను విడుదల చేశారు. వేర్వేరు సర్వర్లు పరస్పరం మాట్లాడుకోవడానికి వీలిచ్చే యాక్టివిటీపబ్ అనే నియమావళిని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించింది.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విటర్‌ను కొన్నాక చాలామంది మాస్టొడాన్ వైపు నడిచారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది బృందాలుగా చర్చించుకునే వేదిక రెడిట్‌లో 2023 జూన్ నాటి ఘట్టం. బయటి యాప్‌లపై రుసుము విధించడాన్ని నిరసిస్తూ వేలాది బృందాలు తలుపులు మూసుకున్నాయి. తెరవకపోతే బృందాలను నిర్వహించే మోడరేటర్లను మారుస్తామని సంస్థ హెచ్చరించింది. జీతం లేకుండా ఏళ్లుగా బృందాలను సాకినవారి చేతుల్లో తాళంచెవి లేదని అప్పుడు తేలింది. కొందరు వేర్వేరు సర్వర్లపై నడిచే చర్చా వేదిక లెమ్మీకి వెళ్లారు.

అయితే ఒకే యజమాని చేతిలో లేని ఇలాంటి వికేంద్రీకృత వేదికల్లోనూ తరలింపు పూర్తిగా సాగదు. మాస్టొడాన్‌లో సర్వర్ మారదలచినవారు ముందు కొత్త ఖాతాలో పాత చిరునామాను నమోదు చేసి, ఆపైన పాత ఖాతాలోకి వెళ్లి తరలింపు కోరాలి. అనుచరులు కొత్త ఖాతాకు మారతారు, పోస్టులు మాత్రం పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. ఆ సర్వర్ ముందే ఆగిపోయి ఉంటే తరలింపు కోరే దారే ఉండదు. 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరుచుకున్న మరో సామాజిక వేదిక బ్లూస్కై, ఖాతా గుర్తింపును సర్వర్ నుంచి వేరుచేసి, పోస్టులనూ వెంట తీసుకెళ్లే వీలు కల్పించింది గానీ, అక్కడి ఖాతాల్లో అత్యధికం ఇప్పటికీ ఆ సంస్థ సర్వర్లలోనే ఉన్నాయి.

ఈ పద్ధతులన్నీ ఒక్కో ఖాతాకు సంబంధించినవి. అందువల్ల కదలదలచిన బృందం పాత చోటు ఇంకా తెరిచి ఉండగానే కొత్త చిరునామాను అందరికీ కనిపించేలా పెట్టి, కొన్ని నెలలైనా రెండు చోట్లా మాట్లాడుకోవడం అవసరమవుతోంది.