ముంచాలా, చిలకరించాలా: తొలి సంఘం ఏం చేసింది?

క్రైస్తవుల్లో బాప్టిస్టు శాఖ ఇంటికీ లూథరన్ శాఖ ఇంటికీ పెళ్లి కుదిరితే ఒక్కోసారి పేచీ మొదలవుతుంది. చిన్నప్పటి చిలకరింపు చెల్లదు, మునిగి బాప్తిస్మం తీసుకోవాల్సిందే అని బాప్టిస్టు వైపు పట్టు. అది రెండో వైపువాళ్లకు అవమానంలా తోస్తుంది. ఇద్దరూ చూపించేది తొలి క్రైస్తవ సంఘాన్నే.

మొదటి శతాబ్దం చివర్లోనో, రెండో శతాబ్దం మొదట్లోనో రాసిన ‘దిదాకే’ అనే క్రైస్తవ బోధల పుస్తకం నీళ్ల దగ్గర పెద్దగా పట్టింపు చూపదు. పారే నీళ్లయితే మేలు. లేకుంటే వేరే నీళ్లు, చన్నీళ్లు కుదరకపోతే వేణ్నీళ్లు, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోస్తే చాలంటుంది. తీసుకునేవాళ్లు మాత్రం ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలి.

తర్వాతి కాలంలో పట్టింపంతా మనిషి మీదకు మళ్లింది. రోమ్ సంఘ నాయకుడు హిప్పోలిటస్‌దని చాలాకాలం అనుకున్న ‘అపోస్తలుల సంప్రదాయం’ అనే పుస్తకం ప్రకారం మూడేళ్లు వాక్యం వినాలి. గ్లాడియేటరైతే ఆ పని మానాలి, లేదంటే చేర్చుకోరు. బాప్తిస్మం రోజు కోడి కూసే వేళకు నీళ్ల మీద ప్రార్థన చేస్తారు. అందరూ బట్టలు విప్పాలి. ముందు పిల్లలు, తర్వాత మగవాళ్లు, చివర్లో జుట్టు విప్పుకుని నగలు తీసేసిన ఆడవాళ్లు. సాతానును విడిచానని చెప్పాక నూనె పూస్తారు. నీళ్లలో నిలబెట్టి తండ్రిని, కుమారుణ్ణి, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అని విడివిడిగా అడుగుతారు. నమ్ముతున్నానన్న ప్రతిసారీ ఒక మునక. ఆపైన ప్రభురాత్రి భోజనంలో రొట్టె, ద్రాక్షారసంతో పాటు పాలు, తేనె కూడా ఇస్తారు. మాటలు రాని పిల్లల బదులు ఇంటివాళ్లు జవాబు చెబుతారు.

పసిపిల్లల సంగతి అప్పుడే తెగలేదు. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ తొందరెందుకు, ఎదిగాక ఇవ్వండి అన్నాడు. అంటే అప్పటికే కొందరు ఇస్తున్నారన్నమాట! ఓ యాభై ఏళ్లకు అదే ఊరి బిషప్ సిప్రియన్ పుట్టాక ఎనిమిదో రోజు దాకా కూడా ఆగొద్దన్నాడు. మంచం పట్టినవాళ్లకు నీళ్లు చల్లినా చెల్లుతుందని రాసిందీ ఆయనే. చక్రవర్తి కాన్‌స్టంటైన్ మాత్రం 337లో చావు దగ్గరపడ్డాకే తీసుకున్నాడు.

మన దగ్గరా అసలు టెన్షన్ మనిషి గురించే వచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ తిండి కోసం వస్తారేమోనని బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.