రైల్వే అప్పు మాఫీ, పలచబడ్డ పద్దు

ప్రత్యేక రైల్వే బడ్జెట్ మళ్లీ పెట్టాలన్న మాట ఇంకోసారి పైకొచ్చింది. రైలు పట్టాలు తప్పినప్పుడు, స్టేషన్లో తొక్కిసలాట జరిగినప్పుడు, ఛార్జీలు పెరిగినప్పుడు ఈ డిమాండ్ లేవడం, నాలుగు రోజులకు చల్లారిపోవడం మామూలే. రైల్వే లెక్కలు విడిగా ఉండాలన్న అక్‌వర్త్ కమిటీ, 1924 నాటి తీర్మానం, 92 ఏళ్ల సంప్రదాయం ప్రతిసారీ పత్రికల్లో వచ్చేవే కాబట్టి మళ్లీ ఎత్తుకోనక్కర్లేదు. ఇవాళ్టి తగువు అర్థం కావాలంటే 2016 సెప్టెంబర్ 21 దగ్గర ఆగాలి.

ఆ రోజు కేంద్ర మంత్రివర్గం రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్‌లో కలిపేయడానికి ఆమోదం తెలిపింది. రైల్వే మంత్రి ప్రసంగం ఇక ఉండదన్న సంగతే అందరి నోటా నానింది. కొత్త రైళ్లు ఎక్కడెక్కడ ఆగుతాయో చెబుతుంటే టీవీ ముందు చెవులు రిక్కించిన తరం కదా మనది! అదే నిర్ణయంలో ఇంకో అంశం ఉంది. దాన్ని చాలామంది చదివి వదిలేశారు. రైల్వే ఇకమీదట ఖజానాకు డివిడెండ్ కట్టనక్కర్లేదు. అప్పటిదాకా కేంద్రం పెట్టిన పెట్టుబడిగా దాని నెత్తిన ఉన్న సుమారు 2.27 లక్షల కోట్ల రూపాయల భారాన్ని పద్దుల్లోంచి తుడిచేస్తారు.

ఈ డివిడెండ్ కథ కొంచెం చెప్పుకోవాలి. ప్రజల పన్నుల్లోంచి రైల్వేకు పెట్టుబడి ఇచ్చారు కాబట్టి, దానిమీద ఏటా ఇంత శాతం అని రైల్వే తిరిగి కట్టేది. ఎంత శాతమన్నది రైల్వే మంత్రో ఆర్థిక మంత్రో గదిలో కూర్చుని తేల్చుకునేది కాదు. 1949లో మొదలైన రైల్వే కన్వెన్షన్ కమిటీలో లోక్‌సభ నుంచి 12 మంది, రాజ్యసభ నుంచి ఆరుగురు ఉండేవారు. రేటు ఎంతుండాలో, ఏ లైన్లకు మినహాయింపు ఇవ్వాలో సిఫారసు చేసేది ఆ కమిటీయే. మొదట్లో అది నాలుగు శాతం. రైల్వే ఎంత తెచ్చింది, ఎంత తిన్నది, తరుగుదల నిధిలో ఎంత వేసింది అని విప్పి చూడకుండా ఆ రేటు తేలదు. 2000-01, 2001-02ల్లో డివిడెండ్‌లో కొంత కట్టలేక వాయిదా వేసుకుంటే, అది తీరేదాకా బాకీ కిందే కనబడుతూ ఉంది. వడ్డీ అడిగేవాడికి లెక్క చూపించక తప్పదు. ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ప్రభుత్వ పక్షం వాదన తీసిపారేయదగ్గదేమీ కాదు. అప్పట్లో నీతి ఆయోగ్‌లో ఉన్న బిబేక్ దేబ్‌రాయ్, కిశోర్ దేశాయ్ రాసిన పత్రం సారాంశం ఇది: రైల్వే బడ్జెట్ రాజకీయ వేదికగా మారిపోయింది, ఎవరి రాష్ట్రానికి వారు రైళ్లు ప్రకటించుకోవడానికే పనికొస్తోంది. 2012 మార్చిలో ఛార్జీలు పెంచుతున్నానని సభలో చెప్పిన రైల్వే మంత్రి దినేశ్ త్రివేది రోజుల్లోనే పదవి వదులుకోవాల్సి వచ్చింది. డివిడెండ్ అంటే సర్కారు ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోవడమేనని, అది మిగిలితే రైల్వేకు ఏటా వేల కోట్లు కలిసొస్తాయని చెప్పారు. అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు తానే ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీకి ఉత్తరం రాసి విలీనం కోరారు. 2016 ఫిబ్రవరి 25న ఆయన చదివిందే ఆఖరి రైల్వే బడ్జెట్.

మిగిలిన డబ్బు ఏమైందో చూద్దాం. విలీనం తర్వాత మొదటి ఏడాది 2017-18. ఆ ఏడు రైల్వే నిర్వహణ నిష్పత్తి 98.44 అని, అంటే వంద రూపాయలు సంపాదించడానికి 98 రూపాయల 44 పైసలు ఖర్చయ్యాయని, పదేళ్లలో ఇదే అధ్వానమని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2019 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో రాసింది. ప్రభుత్వ సంస్థలైన ఎన్టీపీసీ, ఇర్కాన్‌ల నుంచి ముందే తీసుకున్న అడ్వాన్సులు లేకపోతే ఆ అంకె 102.66 అయ్యేదట. డివిడెండ్ పోటు తప్పిన ఏడాదిలో ఈ పరిస్థితి.

అదే ఏడాది రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ పేరుతో భద్రత నిధి పెట్టారు. ఐదేళ్లలో లక్ష కోట్లు: ఏటా 15 వేల కోట్లు కేంద్రం ఇవ్వాలి, ఐదు వేల కోట్లు రైల్వే తన సంపాదనలోంచి వేయాలి. నాలుగేళ్లకు రైల్వే వేయాల్సిన 20 వేల కోట్లలో 15,775 కోట్లు వేయనే లేదని పట్టాలు తప్పిన ఘటనలపై కాగ్ ఇచ్చిన నివేదిక తేల్చింది. పట్టాల మార్పిడికి వాడాల్సిన ఆ నిధిలోంచి కాళ్లు మర్దన చేసే యంత్రాలు, పింగాణీ సామాను కొన్న వైనం కూడా అందులోనే ఉంది. అది సభ ముందుకొచ్చింది 2022 డిసెంబర్‌లో.

అలాంటి నివేదిక చేతిలో ఉండగా, తర్వాతి బడ్జెట్ సమావేశాల్లో రైల్వే పద్దు మీద సభ దుమ్ము దులిపి ఉండాలి. కానీ 2023 మార్చి 23న, అదానీ వ్యవహారంపై రభస మధ్య, లోక్‌సభ అన్ని శాఖల పద్దులనూ గిలటిన్ చేసేసింది, అంటే చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటుకు పెట్టేసింది. రైల్వే పద్దు మీద విడిగా చర్చ లేదు. మూజువాణి ఓటుతో నిమిషాల్లో అయిపోయింది. జూన్ 2న బాలాసోర్ దగ్గర బాహానగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి వెళ్లి ఆగి ఉన్న గూడ్స్‌ను గుద్దింది. కాగ్ లెక్కలకూ ఈ ప్రమాదానికీ నేరుగా ముడిపెట్టలేం. రాజ్యసభకు ఇచ్చిన రాతపూర్వక సమాధానంలో ప్రభుత్వం చెప్పిన కారణం వేరు: సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో గతంలో జరిగిన పొరపాట్లు, 94వ నంబర్ గేటు దగ్గర బ్యారియర్ మార్చే పని. అయితే ఆ మార్చిలో రైల్వే భద్రత గురించి అడగడానికి సభ్యులకు ఉండాల్సిన గంటలు మాత్రం గల్లంతయ్యాయి.

గిలటిన్ కొత్తది కాదని పాలకపక్షం అంటుంది. నిజమే. 2013 ఏప్రిల్ 30న యూపీఏ హయాంలో రైల్వే బడ్జెట్ కూడా చర్చ లేకుండానే గట్టెక్కింది. ఛార్జీలు బడ్జెట్ బయట పెంచడమూ పాతదే, 2014 జూన్‌లో 14.2 శాతం పెంచింది బడ్జెట్‌కు ముందే. విలీనం తర్వాత కూడా మనసుంటే చర్చ జరుగుతుందనడానికి 2019 జూలై 11 ఉదాహరణ. ఆ రాత్రి లోక్‌సభ రైల్వే పద్దులపై 11 గంటల 58 నిమిషాలదాకా కూర్చుంది, వంద మంది దాకా మాట్లాడారు. అయితే అది సభాపతి అధ్యక్షతన ఉండే సభా వ్యవహారాల సలహా సంఘం ఏ శాఖను ఎంచుకుంటే ఆ శాఖకు దక్కే అదృష్టం. విడి బడ్జెట్ ఉన్నప్పుడు రైల్వే వంతు ఏటా దానంతట అదే వచ్చేది.

శాఖల పనిని పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘం లేదా అంటే, ఉంది. రైల్వే స్థాయీ సంఘానికి బీజేపీకే చెందిన రాధామోహన్ సింగ్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, కోవిడ్ మొదట్లో ఆపేసిన వృద్ధుల రాయితీని కనీసం స్లీపర్, థర్డ్ ఏసీల్లోనైనా తిరిగి ఇవ్వమని 2022లో సిఫారసు చేసింది. మగవారికి 40 శాతం, ఆడవారికి 50 శాతం ఉండేది ఆ రాయితీ. సిఫారసు బుట్టదాఖలైంది. డివిడెండ్ రేటు తేల్చిన కమిటీ చేతిలో తాళంచెవి ఉండేది. ఈ సంఘం చేతిలో ఉన్నది కాగితం.

మన వైపు దీని రూపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. విభజన చట్టం 13వ షెడ్యూల్లో ఉన్న విశాఖ జోన్‌ను 2019 ఫిబ్రవరి 27న అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ ప్రకటించింది సభలో కాదు, విలేకరుల సమావేశంలో. కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబర్ 29న రెండు ప్యాసింజర్లు ఢీకొని 14 మంది చనిపోతే, డ్రైవర్లు క్రికెట్ చూస్తున్నారని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ నాలుగు నెలల తర్వాత చెప్పింది ఒక వార్తా సంస్థకు. ఆ లోకోపైలట్, సహాయకుడు ఇద్దరూ ప్రమాదంలోనే పోయారు. బడ్జెట్ అయ్యాక సికింద్రాబాద్ రైల్ నిలయంలో విలేకరులు తెర ముందు కూర్చుంటారు, ఢిల్లీ నుంచి మంత్రి రాష్ట్రాలవారీ అంకెలు చెబుతారు. 2025-26లో ఏపీకి 9,417 కోట్లు, తెలంగాణకు 5,337 కోట్లు. దాని వెనకే ఉమ్మడి రాష్ట్రానికి 2009-14 మధ్య ఏడాదికి సగటున 886 కోట్లేనన్న పోలిక, ఏటా తప్పని పల్లవి. పాత అంకెను కాదనాలన్నా, కొత్త అంకెలో ఏ లైన్‌కు ఎంతో అడగాలన్నా అక్కడున్నది ఎంపీ కాదు, రెండు ప్రశ్నలకు వీలున్న విలేకరి.

2025-26 బడ్జెట్‌లో రైల్వేకు కేంద్రం కేటాయించిన పెట్టుబడి 2.52 లక్షల కోట్లు. 2016లో మాఫీ చేసిన మొత్తం కంటే అది ఎక్కువ, అదీ ఒక్క ఏడాదికి. దానిమీద పైసా డివిడెండ్ లేదు.

కోనసీమ వాళ్లు మాత్రం ఏ పనికి ఎంత కేటాయించారో చెప్పే పింక్ బుక్ వెతుకుతూనే ఉన్నారు. కోటిపల్లి-నరసాపురం లైను 2000-01లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద మూడు పెద్ద వంతెనలు. రాష్ట్రం తన వాటా పావలా వంతు ఇవ్వలేదని రైల్వే, ఇచ్చినంత ఖర్చు పెట్టలేదని అవతలివాళ్లు. ఒకప్పుడు రైల్వే బడ్జెట్‌తోపాటు బల్ల మీదికి వచ్చే పింక్ బుక్‌ను ఇప్పుడు వెబ్‌సైట్లో పీడీఎఫ్‌గా పెడతారు. అందులో కొన్ని పనుల ఎదురుగా వెయ్యి రూపాయలు అని ఉంటుంది. పని బతికే ఉందని చెప్పడానికి వేసే నామమాత్రపు కేటాయింపు అది. ఈసారి తమ లైను పక్కన ఎంత ఉందో చూసి అమలాపురంలో ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు.