పేగువాపు జబ్బు, బ్రిటన్‌లో దొరికే సాయం: అపోహలు - వాస్తవాలు

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ రెండూ ఏళ్ళ తరబడి ఉండే పేగువాపు జబ్బులు. ఆస్పత్రి భాషలో ఐబీడీ అంటారు. బ్రిటన్‌లో 123 మందిలో ఒకరికి ఇది ఉందని అంచనా. అక్కడి భారతీయ కుటుంబాల్లో అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువని లెస్టర్ ప్రాంతంలో జరిగిన అధ్యయనాలు 1990లలోనే చూపాయి. ఈ రోగుల కోసం 1979 నుంచి పనిచేస్తున్న సంస్థ క్రోన్స్ అండ్ కొలైటిస్ యూకే. చదువుకో, ఉద్యోగానికో వెళ్ళిన తెలుగువాళ్ళు అలాంటి సంస్థ తలుపు తట్టేది చాలావరకు పరిస్థితి చేయిదాటాకే. వాళ్ళను ఆపే అపోహలు కొన్ని ఇవి. ఇక్కడున్న తల్లిదండ్రులకూ ఇవి తెలియాలి. ఎందుకంటే రాత్రి పదకొండుకు ఫోన్ వచ్చేది వాళ్ళకే.

అపోహ: ఛారిటీ అంటే డబ్బు లేనివాళ్ళకు. మాకు ఇన్సూరెన్స్ ఉంది, ఉద్యోగం ఉంది.

వాస్తవం: ఇలాంటి సంస్థలో దొరికే ప్రధాన సాయం సమాచారం, తోడు. పరీక్ష కాగితంలో ఏముందో, ఆపరేషన్‌కు ముందు ఏం అడగాలో, ఆఫీసుకు ఉత్తరం ఎలా రాయాలో హెల్ప్‌లైన్‌వాళ్ళు వివరిస్తారు. ఊళ్ళవారీగా ఉన్న బృందాల్లో అదే జబ్బుతో బతుకుతున్నవాళ్ళు పరిచయమవుతారు. మందు పెంచమని, తగ్గించమని మాత్రం ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. దానికి ఆస్పత్రిలో ఐబీడీ నర్సు ఉంటారు, వాళ్ళకు సలహా ఫోన్‌లైన్ ఉంటుంది. 2019లో వచ్చిన ఐబీడీ ప్రమాణాల ప్రకారం ఆ లైన్‌కు మర్నాటి పనిదినం ముగిసేలోపు జవాబు రావాలి, జబ్బు తిరగబెట్టినవాళ్ళను 5 పనిదినాల్లోపు నిపుణులు చూడాలి. ఈ గడువులు తెలిసినవాళ్ళు మొహమాటపడకుండా మళ్ళీ ఫోన్ చేయగలరు.

ఫోన్‌లో "కడుపు బాగోలేదు" అంటే సరిపోదు. 24 గంటల్లో ఎన్ని విరేచనాలు, అందులో రక్తం ఎన్నిసార్లు పడింది, రాత్రి నిద్రలోంచి ఎన్నిసార్లు లేచారు, జ్వరం ఎంత, నాడి ఎంత, ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు వాడుతున్నారు, ఎన్ని రోజులు మానేశారు, ఈమధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అన్నవి ముందే రాసి పెట్టుకోండి. కొలైటిస్‌లో రోజుకు 6 లేదా అంతకన్నా ఎక్కువ రక్తవిరేచనాలై, దానికి తోడు 37.8 డిగ్రీలు దాటిన జ్వరమో, నిమిషానికి 90 దాటిన నాడో ఉంటే తిరుగు ఫోన్ కోసం ఆగకూడదు. ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఈలోగా విరేచనాలు కట్టడానికి లోపెరమైడ్ మింగవద్దు. పేగు ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చు. నొప్పికి ఐబుప్రోఫెన్ కూడా వద్దు, పారాసెటమాల్ చాలు.

అపోహ: రక్తం పడితే మొలలే. లేదా టెన్షన్ వల్ల వచ్చిన ఐబీఎస్ (వాపు లేకుండానే పేగు పనితీరు గాడితప్పడం).

వాస్తవం: ఐబీఎస్‌లో రక్తం పడదు, బరువు తగ్గదు. పేగులో వాపు ఉంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. అది ఎంత ఉందో చూడమని మీ జీపీని, అంటే అక్కడి కుటుంబ వైద్యుణ్ణి, అడగండి. చిన్న డబ్బాలో నమూనా ఇస్తే చాలు. సాధారణంగా గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువ. పేగు ఇన్‌ఫెక్షన్‌తోనూ, ఐబుప్రోఫెన్‌తోనూ ఈ అంకె పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

అపోహ: ఇండియా నుంచి ఆరు నెలల మందులు తెచ్చుకుంటే ఎవరినీ కలవనక్కర్లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మందుల సంచిలో రోజూ వాడే మెసలమైన్‌తో పాటు "అవసరానికి" ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పట్టీ కూడా ఒకటి వస్తుంది. రక్తం కనిపించగానే నాలుగు రోజులు వేసుకుంటారు, తగ్గగానే ఆపేస్తారు. వాపు పైకి అణిగినా లోపల అలాగే ఉంటుంది. స్టెరాయిడ్ మంటను ఆర్పే మందే కానీ ఏళ్ళ తరబడి కాపాడే మందు కాదు. మామూలుగా డాక్టర్లు రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికి 5 చొప్పున తగ్గిస్తూ 8 వారాల్లో ఆపుతారు. వారాల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే, శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోలేక రోగి కుప్పకూలవచ్చు.

బ్రిటన్‌లో దిగిన వారంలోనే జీపీ దగ్గర పేరు నమోదు చేయించుకోండి. కొలొనోస్కోపీ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు, మందుల పేర్లు వెంట ఉంచుకోండి. ఇక్కడి మెసలమైన్ అక్కడ మెసలజీన్. మాత్ర పేగులో ఎక్కడ కరుగుతుందన్నది బ్రాండును బట్టి మారుతుంది కాబట్టి బ్రాండు పేరు కూడా రాసి ఇవ్వాలి.

ఆసియా మూలాలున్నవాళ్ళు మరో రెండు విషయాలు గట్టిగా అడగాలి. రోగనిరోధక శక్తిని అణిచి వాపు తగ్గించే అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు, శరీరం ఆ మందును తట్టుకోగలదా అని చూసే టీపీఎంటీ పరీక్ష చేస్తారు. అది మామూలుగా ఉన్నా ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో మార్పు ఉంటే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ మార్పు మనవాళ్ళలో యూరోపియన్లలో కన్నా ఎక్కువ. రెండోది క్షయ. వీసా కోసం తీసిన ఛాతీ ఎక్స్‌రే బాగుందంటే క్షయ క్రిములు లోపల నిద్రాణంగా కూడా లేవని కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తిని అణిచి ఆ క్రిములను నిద్రలేపగలవు కాబట్టి, వాటికి ముందు నిద్రాణ క్షయను పట్టే ఇగ్రా రక్తపరీక్ష కావాలి. పేగు క్షయ, క్రోన్స్ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి ఉంటే దాచకూడదు.

అపోహ: సంస్థ ఇచ్చే కార్డు చూపిస్తే ఏ షాపువాళ్ళయినా టాయిలెట్ తెరవాల్సిందే.

వాస్తవం: "ఆగలేను" అని చెప్పే ఆ కార్డుకు చట్టబలం లేదు. అది మాటల్లో చెప్పుకోలేని ఇబ్బందిని చెప్పకుండానే తెలియజేస్తుంది. చాలాచోట్ల అంతే చాలు. రాడార్ తాళంచెవి వేరు. 1981లో మొదలైన జాతీయ పథకం కింద వేలాది వికలాంగుల టాయిలెట్లను అది తెరుస్తుంది. రెండూ దగ్గరుంచుకోవడం మంచిది.

అపోహ: జీవితాంతం ఉండే జబ్బు కాబట్టి మందులు ఉచితం.

వాస్తవం: స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో అందరికీ ఉచితమే. ఇంగ్లండ్‌లో మినహాయింపు జబ్బుల జాబితాలో ఐబీడీ లేదు. సంచి అవసరమయ్యే శాశ్వత స్టోమా (మలం బయటికి రావడానికి పొట్ట మీద చేసిన రంధ్రం) ఉన్నవాళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. 2024 మేలో పెరిగిన ధర ప్రకారం ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. ఏడాదికి 114.50 పౌండ్ల ముందస్తు సర్టిఫికెట్ తీసుకుంటే ఎన్ని మందులైనా అందులోనే. ఏడాదిలో 11 మందులు దాటితే అదే లాభం.

అపోహ: ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుంది.

వాస్తవం: 2010 సమానత్వ చట్టం కింద ఐబీడీ దానంతటదే వైకల్యం కాదు. రోజువారీ పనుల మీద గణనీయమైన ప్రభావం 12 నెలలు లేదా అంతకుమించి ఉంటే చట్టం వర్తిస్తుంది. తిరగబెడుతూ ఉండే జబ్బులూ లెక్కలోకి వస్తాయి, పైగా మందులు లేకపోతే ఎలా ఉండేదన్నదే చూస్తారు. ఉత్తరంలో జబ్బు వర్ణన రెండు వాక్యాలు చాలు. మిగతాదంతా ఏం కావాలో రాయండి: టాయిలెట్‌కు దగ్గరగా సీటు, ఇంజెక్షన్ రోజు సెలవు, తిరగబెట్టినప్పుడు ఇంటినుంచి పని. విద్యార్థులైతే యూనివర్సిటీ వికలాంగుల సేవా విభాగానికి పరీక్షల ముందే రాయాలి, పరీక్ష తప్పాక కాదు.

అపోహ: పథ్యం ఉంటే చాలు.

వాస్తవం: పచ్చళ్ళూ కారమూ ఈ జబ్బును తెచ్చిపెట్టవు, మానేస్తే జబ్బు పోదు. పేగు సన్నబడిన క్రోన్స్ రోగి మాత్రం మునక్కాడ పిప్పి, కొబ్బరి, తొక్కతో ఉన్న గింజల లాంటి పీచు పదార్థాల గురించి డైటీషియన్‌ను అడిగే తినాలి, అడ్డుపడే ప్రమాదం ఉంది.

అపోహ: గర్భం వచ్చిందంటే మందులన్నీ ఆపాలి.

వాస్తవం: మెథోట్రెక్సేట్ గర్భానికి ముందే ఆపాలి. మిగతా మందుల్లో చాలావాటిని డాక్టర్లు కొనసాగించమంటారు. బిడ్డకు మందుల కన్నా తల్లికి జబ్బు తిరగబెట్టడమే ఎక్కువ హాని చేస్తుంది.

పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. గర్భంలో ఉండగా తల్లి తీసుకున్న ఇన్‌ఫ్లిక్సిమాబ్ బిడ్డ రక్తంలో నెలల తరబడి ఉంటుంది. మన ఆస్పత్రుల్లో పుట్టిన వెంటనే బీసీజీ టీకా వేస్తారు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న తల్లికి పుట్టిన బిడ్డ బీసీజీ తర్వాత ఆ క్రిమి ఒళ్ళంతా పాకి చనిపోయిన ఉదంతం 2010లో వైద్యపత్రికలో వచ్చింది. యూరప్ ఔషధ సంస్థ సలహా ప్రకారం ఇన్‌ఫ్లిక్సిమాబ్ తగిలిన బిడ్డకు పుట్టాక 12 నెలల వరకు బతికున్న టీకాలు వద్దు. పుట్టగానే, ఆ తర్వాతా వేసే పోలియో చుక్కలు, ఆరు వారాలకు వేసే రోటావైరస్ చుక్కలు కూడా ఇదే కోవలోవి. ఇంజెక్షన్ రూపంలో ఇచ్చే పోలియో టీకా వేయవచ్చు. అడాలిముమాబ్ అయితే ఆఖరి డోసు నుంచి కనీసం 5 నెలలు ఆగాలి.

అందుకే విమానం ఎక్కేముందు ఐబీడీ నర్సును అడిగి, మందు పేరు, ఆఖరి డోసు తేదీ, బిడ్డకు ఏ టీకాలు ఎప్పటిదాకా ఆపాలో రాసిన ఉత్తరం తీసుకోండి. మూడు ప్రతులు తీయించి ఒకటి కాన్పు చేసే డాక్టరుకు, ఒకటి పిల్లల డాక్టరుకు ముందే ఇవ్వండి. మూడోది కాన్పు రోజు గది బయట ఉండే అమ్మ చేతిలోనో, అత్త చేతిలోనో ఉండాలి. టీకా వేసే నర్సు బిడ్డను ఎత్తుకెళ్ళే వేళకు తల్లి మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు.