ఆక్షన్‌లో ఆసియా మొహం కనబడితే రేటు పెరిగినట్టేనా? ఆస్ట్రేలియా ఇళ్ళ ధరలు: అపోహలు - వాస్తవాలు

శనివారం పొద్దున సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఏ ఇంటి ఆక్షన్‌కి (వేలంపాటకి) వెళ్ళినా గుంపు వెనకాల ఈ మాట వినబడుతుంది: "ఏషియన్లు బయటి నుంచి డబ్బు తెచ్చి రేట్లు పెంచేస్తున్నారు." మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్, ట్రుగనీనా వైపు ఇప్పుడు మనవాళ్ళనూ అలాగే అంటున్నారు. ఇక మన వాట్సాప్ గ్రూపుల్లో చూస్తే, మనవాళ్ళు ఇదే మాట చైనావాళ్ళని అంటుంటారు! మొహం వేరు, పాస్‌పోర్టు వేరు, డబ్బు వచ్చిన దారి వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడంతోనే చిక్కంతా.

అపోహ: ఆక్షన్‌లో అందరూ ఆసియావాళ్ళే. అంటే విదేశీయులే కొనేస్తున్నారు.

చట్టం దృష్టిలో విదేశీయుడంటే సిటిజన్‌షిప్ గానీ పీఆర్ (శాశ్వత నివాస హక్కు) గానీ లేనివాడు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఉంటున్నవాళ్ళలో ఇండియాలో పుట్టినవాళ్ళే 6.73 లక్షల మంది. ఇంగ్లండ్ తర్వాత రెండో స్థానం మనదే. వీళ్ళలో చాలామంది ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే పన్ను కట్టి, ఇక్కడి బ్యాంకులో లోను తీసుకుని కొంటున్నవాళ్ళు.

పైగా ఆక్షన్ పద్ధతే విదేశీయుడికి కుదరదు. సుత్తి పడిందంటే కాంట్రాక్టు ఖాయం. కూలింగ్ ఆఫ్ (మనసు మార్చుకుని వెనక్కి తగ్గే గడువు) ఉండదు, "ఎఫ్ఐఆర్‌బీ (విదేశీ పెట్టుబడులను పరిశీలించే బోర్డు) అనుమతి వస్తేనే" అనే షరతూ పెట్టనివ్వరు. పాట పాడాలంటే అనుమతి ముందే చేతిలో ఉండాలి. అదీగాక ఆక్షన్‌కి వచ్చేవి ఎక్కువగా పాత ఇళ్ళు. విదేశంలో ఉండేవాళ్ళకి వాటిని కొనే హక్కు ఎప్పటినుంచో దాదాపు లేదు. తాత్కాలిక వీసావాళ్ళు మాత్రం ఉండటానికి ఒక పాత ఇల్లు కొనుక్కోగలిగేవారు. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా అదీ ఆపేశారు.

న్యూజిలాండ్‌లో 2015లో ఈ పొరపాటే రాజకీయంగా పెద్ద రగడ అయింది. ప్రతిపక్ష లేబర్ పార్టీ ఇళ్ళు అమ్మిపెట్టే ఒక ఏజెన్సీ నుంచి బయటికొచ్చిన కొనుగోళ్ళ జాబితా తీసుకుని, ఇంటిపేర్లు చూసి, ఆక్లండ్ కొనుగోలుదార్లలో దాదాపు 40 శాతం మందివి చైనా పేర్లని లెక్కగట్టింది. ఇంటిపేరు చూసి పాస్‌పోర్టు చెప్పడమంటే, రెడ్డి అని ఉంటే హైదరాబాద్ నుంచి డబ్బు దిగిందని తేల్చేయడమే.

అపోహ: ఎఫ్ఐఆర్‌బీ నివేదికల్లో వేల కోట్లు కనబడుతున్నాయి కదా.

అందులో ఉన్నవి అనుమతులు, కొనుగోళ్ళు కావు. 2015 డిసెంబర్ 1 దాకా దరఖాస్తుకు ఫీజే లేదు. నాలుగిళ్ళకి అనుమతి తీసుకుని ఒకటి కొన్నా, నాలుగూ లెక్కలోకి వచ్చేవి. డెవలపర్లు మొత్తం టవర్‌కి ముందస్తు అనుమతి తీసుకుంటే, అందులో సగం ఫ్లాట్లు స్థానికులకే అమ్మినా టవర్ విలువంతా చేరిపోయేది. 2015-16లో ఇళ్ళకు 40 వేలకు పైగా అనుమతులొచ్చాయి. మరుసటి ఏడు 13 వేల దగ్గరికి పడిపోయాయి. నిజంగా గిరాకీ కూడా కొంత తగ్గింది. 2016లో ఇక్కడి పెద్ద బ్యాంకులు విదేశీ జీతం చూపించేవాళ్ళకి లోన్లు దాదాపు ఆపేశాయి, చైనా కూడా డబ్బు బయటికి పోకుండా బిగించింది. అయినా పడిపోయినదంతా గిరాకీయే అనుకోవద్దు, లెక్కలోని గాలి కూడా పోయింది.

అపోహ: వాళ్ళని ఆపేస్తే ధరలు దిగొస్తాయి.

ఈ ప్రయోగం కోవిడ్ చేసి చూపించింది. 2020 మార్చి 20న సరిహద్దులు మూసేశారు. వలసలు ఆగాయి, విద్యార్థులు రావడం ఆగింది. 2021లో దేశవ్యాప్తంగా ఇళ్ళ ధరలు 22 శాతం పెరిగాయి! కారణం వడ్డీ. 2020 నవంబర్‌లో ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేటును 0.10 శాతానికి దించింది. అదే జీతానికి లోను ఎక్కువ వస్తుంటే పాట పైకి పోక ఏమవుతుంది? న్యూజిలాండ్ 2018 అక్టోబర్‌లో విదేశీయులకి పాత ఇళ్ళు అమ్మడం చాలావరకు నిషేధించింది. 2021 మధ్యకల్లా అక్కడ ఏడాదిలోనే ధరలు పాతిక శాతానికి పైగా ఎగిశాయి.

ఆస్ట్రేలియా ట్రెజరీ పరిశోధకులు 2016లో లెక్క తీస్తే, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో మూడు నెలలకి సగటున 12,800 డాలర్లు పెరిగిన ధరలో విదేశీ గిరాకీ వాటా 80 నుంచి 122 డాలర్లని తేలింది.

మరి అంతా అబద్ధమేనా?

కాదు. సగటు లెక్కలో కొన్ని చోట్ల నిజం కనబడకుండా పోతుంది. మెల్‌బోర్న్‌లోని సౌత్‌బ్యాంక్, డాక్లాండ్స్ లాంటి చోట్ల కట్టకముందే అమ్మే ఫ్లాట్లను విదేశీయులకి మార్కెట్‌కంటే ఎక్కువ రేటుకి అంటగట్టారు. సెటిల్‌మెంట్‌నాడు (మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజు) బ్యాంకు వాల్యుయర్ విలువ తక్కువ కట్టడంతో చాలామంది ఇరుక్కున్నారు. అయితే దానికి రెండో వైపూ ఉంది. ముందస్తు అమ్మకాలు చాలినన్ని చూపిస్తే గానీ బ్యాంకు డెవలపర్‌కి అప్పివ్వదు. ఆ విదేశీ బుకింగులు లేకపోతే కొన్ని టవర్లు లేచేవే కావు. వాటిలో ఇప్పుడు అద్దెకుంటున్నది మన విద్యార్థులే.

వాంకూవర్ కథ ఇంకాస్త మెలిక. 2016 ఆగస్టు 2న అక్కడ విదేశీ కొనుగోలుదార్లపై 15 శాతం పన్ను వేశారు. కానీ భర్త ఆసియాలో సంపాదిస్తుంటే భార్యాపిల్లలు కెనడా పీఆర్‌తో ఇల్లు కొంటే, చట్టప్రకారం అది స్థానిక కొనుగోలే. డబ్బు విదేశీ, మనిషి స్వదేశీ. పాస్‌పోర్టు చూసే పన్నుకి ఇది దొరకదు. అందుకే 2018లో ఇలాంటి కుటుంబాల ఆదాయాన్ని చూసే వేరే పన్ను తెచ్చారు.

అపోహ: విదేశీయుడికి ఇక్కడ కొనడం తేలిక.

విక్టోరియాలో (మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రం) కట్టి సిద్ధంగా ఉన్న కొత్త టౌన్‌హౌస్ ధర 7,50,000 డాలర్లనుకోండి. మామూలు స్టాంప్ డ్యూటీ 40,070. విదేశీయుడైతే ఇంకో 8 శాతం సర్‌చార్జ్, అంటే 60,000. ఎఫ్ఐఆర్‌బీ ఫీజు సుమారు 15,000. ఇంటి ధర మీద లక్షా పదిహేను వేలు. ఆపైన ఏడాదిలో కనీసం 183 రోజులైనా ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉండకపోతే వేకెన్సీ ఫీజు (ఖాళీగా ఉంచినందుకు రుసుము). ఇండియా నుంచి డబ్బు పంపాలంటే ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపే భారత రిజర్వ్ బ్యాంక్ పథకం) కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్లే, 10 లక్షల రూపాయలు దాటిన దానిపై 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) ముందే పోతుంది (రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు).

మనవాళ్ళు దెబ్బతినేది ఎక్కువగా టైటిల్ (యాజమాన్య పత్రం) మీద పేర్ల దగ్గర. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు డబ్బు సాయం చేశారని టైటిల్‌లో సగం వాళ్ళ పేరున పెడితే, ఆ సగానికి సర్‌చార్జ్ పడుతుంది: పై ఇంటికి 30,000. దానికితోడు అనుమతి, ఫీజు. కానుకగా తీసుకుని కాగితం రాయించుకుంటే ఈ బెడద లేదు. సిటిజన్ లేదా పీఆర్ ఉన్న భార్యతో కలిసి తాత్కాలిక వీసా భర్త కొంటే ఎఫ్ఐఆర్‌బీ అక్కర్లేదు. కానీ కాంట్రాక్టులో "జాయింట్ టెనెంట్స్" (వాటాలు విడదీయని ఉమ్మడి యజమానులు) అనే ఉండాలి. చెరో సగమని "టెనెంట్స్ ఇన్ కామన్" (విడి వాటాల యజమానులు) అని రాస్తే మినహాయింపు పోతుంది. సర్‌చార్జ్ మినహాయింపు మళ్ళీ వేరు. విక్టోరియాలో దానికి ఏడాదిలోపు ఆ ఇంట్లో చేరి, వరసగా 12 నెలలు ఉండాలి.

న్యూ సౌత్ వేల్స్‌లో (సిడ్నీ ఉన్న రాష్ట్రం) సర్‌చార్జ్ 9 శాతం. అక్కడ పీఆర్ ఉన్నా, గత 12 నెలల్లో 200 రోజులు ఆస్ట్రేలియాలో లేకపోతే విదేశీయుడి కిందే లెక్క. కొత్తగా దిగినవాళ్ళు ఆ ఇంట్లోనే ఉండబోతున్నట్టయితే దానికి విడిగా సడలింపు ఉంది, అడిగి తీసుకోవాలి. 2023లో పన్ను ఒప్పందం పేరుతో భారత పౌరులకి అక్కడ సర్‌చార్జ్ ఎత్తేశారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర చట్టం మారడంతో అది తిరిగొచ్చింది. పాత వీడియోలు చూసి "ఇండియన్స్‌కి లేదట" అని సంతకం పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫ్యామిలీ ట్రస్ట్ పేరున కొంటుంటే ట్రస్ట్ డీడ్‌లో (ఒప్పంద పత్రంలో) విదేశీయులెవరూ లబ్ధిదారులు కాకూడదన్న క్లాజు, తిరిగి మార్చడానికి వీల్లేని విధంగా ఉందో లేదో సంతకానికి ముందే కన్వేయన్సర్‌కి (ఇళ్ళ కొనుగోలు కాగితాలు చూసే నిపుణుడికి) చూపించుకోండి. ఇండియాలోని మేనమామ పేరు డీడ్‌లో ఎక్కడా లేకపోయినా, "బంధువులు" అన్న ఒక్క మాట చాలు, ట్రస్ట్ మొత్తం విదేశీ అయిపోతుంది.